దగ్గే ముందు ఒక్క క్షణం

పోయిన శనివారం సాయంత్రం మా క్లాసులో ఎనిమిదిమంది ఆడవాళ్ళం గుండ్రంగా నిలబడి, ఒకటి రెండు మూడు అనుకుని అందరం ఒకేసారి గట్టిగా దగ్గాం. దగ్గే ముందు ఒక్క క్షణం, యూరిన్ ఆపుకునే కింది కండరాలు బిగించి లోపలికి లాగాలి, దగ్గు పూర్తయ్యేదాకా వదలకూడదు, ఆ రోజు పాఠం అదీ. నా పక్కన నిలబడే పిన్నిగారికి 63 ఏళ్ళు. దగ్గాక ఆవిడ కదల్లేదు. చున్నీ కొస పిడికిట్లో పట్టుకుని, తల వంచుకుని అలాగే నిలబడింది. కాసేపటికి తలెత్తి "ఇంకోసారి దగ్గుదామా అమ్మాయ్?" అంది. ఆ గొంతు విని నాకు కళ్ళు చెమర్చాయి. ఎందుకంటే ఆవిడ ఏళ్ళ తరబడి దగ్గు వస్తుందనుకుంటే చాలు, కాళ్ళు దగ్గరకి పెట్టేసి గోడ పట్టుకునే మనిషి.

నేను చెప్పేది యూరిన్ లీక్ గురించి. దగ్గినా తుమ్మినా నవ్వినా, నీళ్ళ బకెట్ ఎత్తినా చుక్కలు పడటం. మనలో చాలామందికి ఉంటుంది, ఎవరూ ఎవరికీ చెప్పరు. నేనూ చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. 

మాది విజయవాడ. హైస్కూల్లో పాఠాలు చెబుతాను, వయసు 48. ఇద్దరు పిల్లలూ నార్మల్ డెలివరీయే, రెండోవాడు 3.8 కిలోలు. వాడు పుట్టిన కొత్తలో కొంచెం కొంచెం లీకయ్యేది, తరవాత తగ్గింది, మళ్ళీ 43 దగ్గర మొదలైంది. చాక్‌పీసు పొడికి నాకు తుమ్ములెక్కువ. బోర్డు వైపు తిరిగి తుమ్మి, తడి బయటికి కనిపిస్తుందేమోనని పిల్లల వైపు తిరగడానికి భయపడి అలాగే రాస్తూ నిలబడిన రోజులున్నాయి. అందుకే ముదురు రంగు చీరలు, బ్యాగులో ఎప్పుడూ రెండు ప్యాడ్లు, పొద్దున సగం గ్లాసు మించి నీళ్ళు తాగకపోవడం. నీళ్ళు తగ్గిస్తే యూరిన్ చిక్కబడి మూత్రసంచిని ఇంకా చికాకు పెడుతుందని, మలబద్ధకం వచ్చి ముక్కితే కింది కండరాల మీద భారం ఇంకా పెరుగుతుందని అప్పుడు నాకు తెలీదు. బాత్‌రూం సరిగా లేని స్కూళ్ళలో పని చేసిన ఆడ టీచర్లందరికీ ఈ నీళ్ళు తాగని అలవాటు తెలుసు.

మా అమ్మ ఆఖరి పదేళ్ళు పెళ్ళిళ్ళకి రాలేదు. "మీరెళ్ళి రండి, నాకు బస్సు పడదు" అనేది. ఆవిడ మంచం కింద ఉతికి మడతపెట్టిన పాత చీర ముక్కలు ఎప్పుడూ ఒక దొంతర ఉండేవి. అవి ఎందుకో నాకు 45 ఏళ్ళు వచ్చాక అర్థమైంది. అడగనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మొదటిసారి ధైర్యం చేసి ఒక డాక్టరు దగ్గర నోరు విప్పితే "ఈ వయసులో ఇది మామూలేనమ్మా, బరువు తగ్గండి" అని పంపించేశారు. బరువు మాట అబద్ధం కాదు. 2009లో అమెరికాలో 338 మంది మీద చేసిన పరిశోధనలో సగటున 8 శాతం బరువు తగ్గినవాళ్ళకి వారానికి అయ్యే లీకులు దాదాపు సగానికి తగ్గాయి. కానీ ఎలా తగ్గాలో ఆయన చెప్పలేదు. నాకు తోచినట్టు ఇంటి దగ్గర ఒక ఎక్సర్‌సైజ్ క్లాసులో చేరాను. పాటలు పెట్టి గెంతించడం, స్కిప్పింగ్, చివర్లో వెల్లకిలా పడుకుని పైకి లేచే సిటప్‌లు. గెంతిన ప్రతిసారీ లీకే. నడిపించే అమ్మాయికి చెప్పలేను, మధ్యలో ఆగితే "ఆంటీ, ఆగొద్దు ఆగొద్దు" అని చప్పట్లు కొట్టేది. మూడు వారాలకే మానేశాను. ఆ అమ్మాయి తప్పేం లేదు, నేను చెబితే కదా తనకి తెలిసేది. అసలు తప్పు, బలంలేని కండరం మీద బరువు వేయడం. గెంతినప్పుడు, సిటప్‌లు చేసినప్పుడు కడుపులో ఒత్తిడి కిందికి తోస్తుంది. కింద పట్టుకునేది సరిగా లేకపోతే ఆ ఒత్తిడికి యూరిన్ బయటికి వస్తుంది.

తరవాత మా స్టాఫ్‌రూంలో ఒక మేడం ద్వారా, ఆడవాళ్ళ ఈ సమస్యలే చూసే ఒక ఫిజియో (ఎక్సర్‌సైజులతో నయం చేసే ఫిజియోథెరపిస్టు) గురించి తెలిసింది. లేడీ ఫిజియో. మొదట యూరిన్ టెస్టు, షుగర్ టెస్టు చేయించుకుని రమ్మన్నారు, ఇన్‌ఫెక్షన్ వల్లో షుగర్ వల్లో మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తోందేమో ముందు చూడాలి కదా. మూడు రోజులు ఒక కాగితం మీద ఎప్పుడు ఎన్ని నీళ్ళు తాగాను, ఎప్పుడు బాత్‌రూంకి వెళ్ళాను, ఎప్పుడు లీకైంది రాసుకుని రమ్మన్నారు. నేను రోజుకి 14 సార్లు వెళుతున్నానని ఆ కాగితం చూస్తే గానీ నాకే తెలియలేదు.

ఆ రోజు తలుపు వేసి, నన్ను పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి పెట్టమని, ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, సరేనా అని అడిగి, గ్లౌజు వేసుకుని ఒక వేలితో లోపల చూశారు. "గ్యాస్ బయటికి రాకుండా ఆపుకుంటాం చూడండి, అలా వెనక నుంచి మొదలుపెట్టి ముందుకి, ఒంటికి ఆపుకున్నట్టు, లోపలికీ పైకీ లాగండి." లాగాను. నా బలమంతా పెట్టి లాగాననుకున్నాను. ఆవిడ మెల్లగా అన్నారు: "మేడం, మీరు లాగడం లేదు, కిందికి నొక్కుతున్నారు. పిర్రలు బిగిస్తున్నారు, ఊపిరి బిగబట్టారు. ఇంకోసారి."

ఆ మాటకి నేను అదిరిపోయాను, ఎందుకంటే అప్పటికి ఏడాదిగా వీడియోలు చూసి కీగెల్ అనే ఈ బిగింపు ఎక్సర్‌సైజులు ఇంట్లో చేస్తూనే ఉన్నాను. ఏడాదిపాటు రోజూ తప్పు వైపు తోశానన్నమాట. నేనొక్కదాన్నే కాదట. 1991లో అమెరికాలో 47 మంది ఆడవాళ్ళకి నోటిమాటగా చెప్పి చేయించి చూస్తే సుమారు సగం మందే సరిగా చేశారు, నాలుగో వంతు మంది లీకు ఇంకా పెరిగే పద్ధతిలో చేశారు. ఈ ఎక్సర్‌సైజులకి పేరు వచ్చింది ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికా డాక్టరు వల్ల. 1948లో ఆయన వీటి గురించి రాసినప్పుడే, కండరం ఎంత బిగుస్తోందో కొలిచి చూపించే ఒక పరికరం కూడా వాడేవాడు. అంటే సరిగా చేస్తున్నామో లేదో చూసుకోవడం మొదటి నుంచీ ఇందులో భాగమే. ఆ సగం వదిలేసి "బిగించి వదలండి" అన్న సగమే మన ఫోన్లలోకి వచ్చింది.

నాలుగోసారికి పట్టు దొరికింది. తాడు సంచి మూతి బిగిస్తే ఎలా చుట్టూ దగ్గరకొచ్చి పైకి లేస్తుందో, అచ్చం అలా. పొట్ట మెత్తగానే ఉంది, ఊపిరి ఆడుతూనే ఉంది. ఆవిడ "అదీ!" అన్నారు. మొదట్లో నేను పట్టి ఉంచగలిగింది 3 సెకన్లే. అక్కడి నుంచి మెల్లగా 10 సెకన్ల దాకా పెంచాలి, ప్రతి బిగింపు తరవాత అంతసేపూ పూర్తిగా వదలాలి, తరవాత కొన్ని టకటకా చిన్న బిగింపులు. ఒక్కో విడతకి కనీసం 8 చొప్పున రోజుకి మూడు విడతలు, తక్కువలో తక్కువ మూడు నెలలు. ఇంగ్లండులో నైస్ అనే ప్రభుత్వ సంస్థ డాక్టర్లకి ఇచ్చిన సూచనలు కూడా ఇవే, మందులూ ఆపరేషన్లకన్నా ముందు దగ్గరుండి నేర్పించే ఈ సాధనే చేయించమంటారు. ఫిజియో మేడం ఒకటి మాత్రం చెయ్యొద్దన్నారు: ఒంటికి పోసేటప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీసు చేయడం. అలా చేస్తే మూత్రసంచి పూర్తిగా ఖాళీ అవ్వడం దెబ్బతింటుందట.

మొదటి నెల బాగా చేశాను. రెండో నెల పరీక్ష పేపర్లు దిద్దడం, ఇంటికి చుట్టాలు. మూడు విడతలు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. తడి తగ్గినట్టూ అనిపించలేదు. ఇక మానేద్దాం అనుకుంటున్న రోజుల్లోనే ఫిజియో మేడం ఫోన్ చేసి, వాళ్ళ క్లినిక్ పైన హాల్లో సాయంత్రాలు క్లాసు పెడుతున్నాను రండి అన్నారు. మంగళ, గురు, శని. ఒక షరతు, ఎవరైనా ముందు విడిగా చూపించుకుని కండరం లాగడం నేర్చుకున్నాకే క్లాసులోకి. ఆ షరతు వల్లే ఈ క్లాసుకీ నేను మానేసిన క్లాసుకీ ఇంత తేడా.

నార్వేలో కారీ బో అనే ఫిజియోథెరపిస్టు ఇలాంటి క్లాసు ఎంత పనిచేస్తుందో 1990లోనే చేసి చూపించింది. అందరికీ ఒకే ఎక్సర్‌సైజు నేర్పి, కొందరిని ఇంట్లోనే చేసుకోమంది, కొందరికి దాంతోపాటు వారానికి ఒకసారి 45 నిమిషాల క్లాసు పెట్టింది. ఆరు నెలలకి క్లాసుకి వచ్చినవాళ్ళలో 60 శాతం లీకు పోయిందనో దాదాపు పోయిందనో అన్నారు, ఇంట్లో చేసుకున్నవాళ్ళలో 17 శాతమే. ఈమధ్య, 2020లో కెనడాలో వచ్చిన ఫలితాలు ఇంకా ధైర్యమిచ్చాయి. 60 దాటిన 362 మంది ఆడవాళ్ళు, కొందరికి విడివిడిగా, కొందరికి ఎనిమిదేసిమంది గుంపుగా 12 వారాలు నేర్పితే, ఏడాది తరవాత రెండు రకాల వాళ్ళకీ లీకులు 70 శాతం, ఆ పైన తగ్గాయి. గుంపులో ఉన్నవాళ్ళేమీ వెనకబడలేదు. వాళ్ళకి కూడా మొదట ఒక్కొక్కరికీ విడిగా కండరం పట్టడం నేర్పాకే గుంపులో కలిపారు. మన ఊళ్ళలో ఇలాంటి ఫిజియోలు తక్కువ, ఒక్కొక్కరికీ గంట గంట ఇచ్చే వీలు ఉండదు, కాబట్టి మనకి ఈ పద్ధతే పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

మా క్లాసు గంటసేపు. పది నిమిషాలు నడక, భుజాలూ నడుమూ కదిలించడం. తరవాత చాపల మీద పడుకుని బిగింపులు, నడుం పైకెత్తే సేతుబంధాసనం. తరవాత కుర్చీలో కూర్చుని, తరవాత నిలబడి. పడుకుని చేసింది సులువు, నిలబడితే కష్టం, కానీ లీకయ్యేది నిలబడినప్పుడే కదా, అందుకని అక్కడిదాకా తీసుకెళ్ళాలి. ఆ తరవాత నిజం పనులు. సగం నీళ్ళు పోసిన బకెట్ మధ్యలో పెడతారు. బిగించు, ఊపిరి వదులుతూ ఎత్తు, దించాకే వదులు. ఒకరు ఎత్తుతుంటే మిగతా ఏడుగురం "ఊపిరి, ఊపిరి" అని అరుస్తాం, ఎందుకంటే బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టని ఆడది మాలో ఒక్కరూ లేరు. కుర్చీలోంచి లేవడం, మెట్టెక్కడం, పసిపిల్లలున్నవాళ్ళకి మూడు కిలోల బియ్యం మూట చంకనెత్తుకోవడం, అన్నీ ఇలాగే. దగ్గు పాఠం కూడా అందులోదే. ముందుగా బిగించి దగ్గే ఈ కిటుకు నేర్చుకున్నవాళ్ళకి వారంలోనే తడి తగ్గిందని 1998లోనే మిషిగన్ పరిశోధకులు రాశారు, కండరం బలపడటానికి నెలలు పట్టినా ఈ కిటుకు అంతకు ముందే అక్కరకొస్తుంది.

బాత్‌రూంకి పరుగెత్తే జబ్బు వేరే, అది కూడా నాకు కొంత ఉంది. ఇంటి తాళం తీస్తుంటేనే ఆగదు. దానికి పరుగెత్తకుండా అక్కడే నిలబడి నాలుగైదు చిన్న బిగింపులు వేసి, ఆ తోసుకొచ్చేది కాస్త తగ్గాక నడిచి వెళ్ళడం నేర్పారు. ముందుజాగ్రత్తగా వెళ్ళిరావడం మానేసి, రెండు సార్లకీ మధ్య వ్యవధిని పావుగంట చొప్పున పెంచుకుంటూ వచ్చాను. నీళ్ళు పెంచాను, టీలు నాలుగు నుంచి రెండుకి తగ్గించాను. 14 సార్లు ఇప్పుడు 7 అయింది.

క్లాసులో చేరాక మూడు వారాలదాకా ఏ తేడా లేదు, అది ముందే చెప్పాలి. ఆరో వారంలో ఒక రోజు ప్యాడ్ సాయంత్రందాకా పొడిగా ఉంది. పన్నెండో వారానికి స్కూలుకి ప్యాడ్ లేకుండా వెళ్ళాను. ఇప్పుడు ఏడాది దాటింది. గట్టి జలుబు చేసి అదేపనిగా దగ్గితే ఇంకా ఒకటి రెండు చుక్కలు పడతాయి.

అందరికీ ఇదే మందు కాదు. యూరిన్‌లో రక్తం కనిపించినా, మంట, జ్వరం ఉన్నా, కింద ఏదో జారినట్టు గడ్డలా తగులుతున్నా, రోజంతా ఆగకుండా కారుతున్నా, కాళ్ళ మధ్య తిమ్మిరిగా ఉన్నా ముందు డాక్టరు. కొందరికి ఆ కండరాలు వదులుగా కాక బిగుసుకుపోయి నొప్పిగా ఉంటాయి, వాళ్ళు ఇంకా బిగిస్తే ఇంకా నొప్పి, వాళ్ళకి వదలడం నేర్పాలి. ఇది కూడా వీడియో చూసి తెలుసుకోలేం.

మొన్న తెనాలిలో మా వదినకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత గొంతు తగ్గించి "పక్కన ఎవరైనా ఉన్నారా?" అంది. లేరన్నాను. "నాకు ఎనిమిదేళ్ళ నుంచి ఉంది, మీ అన్నయ్యకి కూడా తెలీదు" అంది. వచ్చే మంగళవారం వస్తోంది. ముందు ఒక్కతే మేడం దగ్గరకి లోపలికి వెళుతుంది, నేను బయట బల్ల మీద కూర్చుంటాను.