రెండు ద్వీపాలు, ఒక భాగహారం

డిగ్రీ విద్యార్థుల పాఠం కోసం నిన్న రాత్రి మారిషస్, మాల్దీవుల తలసరి జీడీపీ (దేశంలో ఏడాది ఉత్పత్తి విలువను జనాభాతో భాగిస్తే వచ్చే) అంకెలను నోటుబుక్కులో పక్కపక్కన రాసుకున్నాను. రెండూ పది వేల డాలర్లు దాటినవే కావడంతో, కింద పెన్సిలుతో 'ఇంచుమించు సమానం' అని రాసి పుస్తకం మూయబోయాను.

అయితే భాగహారంలో హారం ఎవరన్న సందేహం నన్ను ఆపింది. 2022 జనగణన ప్రకారం మాల్దీవుల్లో నివసిస్తున్న సుమారు 5.15 లక్షల మందిలో నాలుగో వంతు విదేశీయులే. రిసార్టుల్లో వండివార్చేవారినీ రాజధాని మాలేలో భవనాలు కట్టేవారినీ లెక్కలోంచి తీసేసి స్వదేశీయులతో మాత్రమే భాగిస్తే, దేశంలో ఒక్క రూఫియా అదనంగా పుట్టకుండానే తలసరి అంకె మూడో వంతు పెరుగుతుంది. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్న నాకు ఇది ఇంత ఆలస్యంగా తట్టడం కొంచెం సిగ్గుగానే ఉంది.

ఆ తరువాత 2020 అంకెలు చూశాను. పర్యాటకులు ఆగిపోయిన ఆ ఏడాది మాల్దీవుల ఆర్థిక వ్యవస్థ దాదాపు మూడో వంతు కుంగిపోగా, పర్యాటకంతో పాటు చక్కెర, వస్త్రాలు, ఆర్థిక సేవలు కూడా ఉన్న మారిషస్ సుమారు 15 శాతం నష్టంతో బయటపడింది. మారిషస్ స్వాతంత్ర్యానికి ఏడేళ్ల ముందు, 1961లో, పెరిగే జనాభాను చూసి ఆ దేశ భవిష్యత్తుపై పెదవి విరిచిన ఆర్థికవేత్త జేమ్స్ మీడ్‌కు తరువాత నోబెల్ కూడా వచ్చింది. (ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశమని మారిషస్‌పై నాకు కాస్త పక్షపాతం ఉన్న మాట నిజమే.)

'సమానం' అన్న మాటను రబ్బరుతో చెరిపి, పక్కన 2020 కోసం మరో గడి గీసుకున్నాను.