ఎక్కడికీ వెళ్ళని ఫ్లైట్

ఇవాళ నా చిన్న నాలుగు సీట్ల సెస్నా 172లో గంటకి పైనే ఎగిరా కానీ ఎక్కడికీ వెళ్ళలేదు. లేవడం, ఎడమకి తిరగడం, మళ్ళీ ఎడమకి, మళ్ళీ ఎడమకి, మళ్ళీ ఎడమకి, దిగడం, దిగాక ఆగకుండా ఫ్లాప్స్ (రెక్కల వెనకంచున కిందకి దించే పలకలు) ఎత్తేసి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి మళ్ళీ లేవడం. సర్క్యూట్లు అంటాం దీన్ని. ఫొటో పెట్టుకోడానికి పనికొచ్చే ఫ్లైట్ కాదు, ఎవరికైనా చెప్తే "అంటే ఊరికే తిరిగొచ్చావా" అంటారు. ఊరికే కాదండీ, వచ్చే ఆదివారం అక్కవాళ్ళని ఎక్కించుకుంటానని మాటిచ్చా, ప్యాసింజర్లతో ఎగరాలంటే గడిచిన 90 రోజుల్లో 3 టేకాఫ్‌లూ 3 లాండింగ్‌లూ చేసుండాలి, చాలా దేశాల్లో రూల్ ఇదే. మధ్యలో వానలూ, విమానం యాన్యువల్ ఇన్‌స్పెక్షనూ, ఆఫీసు పనీ అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి వచ్చాయి, గడువు దగ్గర పడింది. రూల్ మూడు చాలంటుంది గానీ నాకు చాలవు. గ్యాప్ వచ్చాక మొదటిదానికి చేతులు వదులవుతాయి, రెండోదానికి కళ్ళు అలవాటు పడతాయి, నేను నేనుగా దిగేది ఆ తర్వాతే.

పొద్దున్నే వెళ్దామనుకున్నా. రిపోర్ట్ చూస్తే టెంపరేచర్ 24, డ్యూ పాయింట్ (గాలిలో తేమ మంచుగా మారే టెంపరేచర్) 21. తేడా మూడే. ఆ తేడాని 400తో గుణిస్తే మేఘాల కిందభాగం సుమారు ఎన్ని అడుగుల ఎత్తులో ఉంటుందో వస్తుంది, అంటే 1200. సర్క్యూట్ ఎగిరేదే నేలకి వెయ్యి అడుగుల పైన, ఇంక మిగిలేది రెండొందలు, అది కూడా సుమారు లెక్కే కదా. వద్దులే అని కూర్చున్నా. విమానం ఉన్నవాడికి ఉండాల్సినంత ఓపిక విమానం లేనివాడికి అక్కర్లేదు అని మా బాబాయ్‌గారొకాయన అంటుంటారు (సొంత బాబాయ్ కాదు, ఫీల్డ్‌లో అందరికీ బాబాయే, పాత పసుపు రంగు పైపర్ కబ్ విమానం ఒకటుంది ఆయనకి). కాసేపటికి ఎండ ఎక్కి 28, 20 అయ్యాక అప్పుడు లేచా.

ప్రీఫ్లైట్, అంటే ఎగిరేముందు విమానాన్ని చూసుకోవడం, నాకు ఇప్పటికీ ఇష్టం. ఎవరూ తొందర పెట్టరు, ఫోన్ పక్కన పడేసి విమానం చుట్టూ ఒక రౌండ్. రెక్క కింద డ్రెయిన్ నొక్కి చిన్న గాజు గొట్టంలోకి పెట్రోల్ పట్టి వెలుగుకి ఎత్తి చూడాలి. ఏవీగ్యాస్, అంటే ఈ విమానాల పెట్రోల్, లేత నీలం రంగులో ఉంటుంది, ఆ రంగు కావాలనే కలుపుతారు, వేరే ఇంధనం పడితే కంటికే తెలిసిపోయేలా. నీళ్ళు పెట్రోల్ కంటే బరువు కాబట్టి ఉంటే అడుగున గుండ్రంగా ముత్యంలా కూర్చుంటాయి. ఇవాళ ఎడమ ట్యాంకులో అలాంటి ముత్యం ఒకటి కనపడింది, ఇన్ని రోజుల వానలకి బయట నిలబడిందిగా, క్యాప్ సీల్ లోంచి దిగుంటుంది. ఒక్కటీ లేకుండా శుభ్రంగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ పట్టి చూశా, ఆ తర్వాత రెక్క చివర పట్టుకుని విమానాన్ని కాస్త ఊపి, కాసేపాగి మళ్ళీ చూశా. ఇక ఎడమ రెక్క ముందంచున చిన్న కన్నం ఉంటుంది, రెక్క ఇక విమానాన్ని మోయలేని స్థితి (స్టాల్) దగ్గర పడితే హెచ్చరించే స్టాల్ వార్నింగ్ హార్న్‌ది, దానికి కర్చీఫ్ అడ్డం పెట్టి నోటితో గట్టిగా పీలిస్తే పీ...మని మోగుతుంది. కరెంట్ ఏమీ లేదు, గాలి లోపలికి లాగితే లోపలున్న రీడ్ మోగుతుంది, అంతే. రెక్కని ముద్దు పెట్టుకుంటున్నాడేంట్రా వీడు అని కొత్తవాళ్ళు చూస్తారు, చూడనీ.

గాలి 230 డిగ్రీల దిక్కు నుంచి 12 నాట్లు, రన్‌వే 27. అంటే 270 డిగ్రీల దిక్కు. నలభై డిగ్రీల పక్కవాటు, ఎడమ నుంచి అడ్డంగా తగిలేది ఎనిమిది నాట్ల దాకా. సెస్నా 172 పుస్తకంలో 15 దాకా చేసి చూపించారని ఉంటుంది, అది లిమిట్ కాదు, టెస్ట్ పైలట్ చేసి చూపించిన అంకె. నా లిమిట్ అంతకంటే తక్కువే, ఎంతో ఇక్కడ రాయను, మా బాబాయ్‌గారు చూస్తే నవ్వుతారు.

మొదటి రౌండ్ డౌన్‌విండ్‌లో (రన్‌వేకి సమాంతరంగా ఎదురు దిశలో వెళ్ళే భాగం), రన్‌వే మొదలు సరిగ్గా ఎడమ రెక్క పక్కకి వచ్చినప్పుడు, పవర్ తగ్గించే ముందు కార్బ్ హీట్ (కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే నాబ్) లాగా. ఆర్పీఎం కొంచెం పడింది, అది మామూలే, వేడి గాలి పల్చగా ఉంటుంది కాబట్టి పడుతుంది. కానీ ఇంజిన్ ఒకసారి దగ్గి, కాసేపు గరగరలాడి, ఆ తర్వాత ఆర్పీఎం దానంతటదే మెల్లగా పైకి పాకింది. అంటే లోపల ఐస్ ఉంది, కరిగిపోయింది. 28 డిగ్రీల ఎండలో ఐస్ ఏంటి సార్ అని ప్రతి స్టూడెంటూ అడుగుతాడు, నేనూ అడిగా అప్పట్లో. కార్బురేటర్ సన్నటి గొంతులో ప్రెషర్ పడిపోతుంది, పెట్రోల్ ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది, రెండూ కలిస్తే అక్కడ టెంపరేచర్ 20, 30 డిగ్రీలు కూడా పడిపోవచ్చు, గాలిలో తేమ గనక ఉంటే అది గడ్డకట్టి గొంతు మూసేస్తుంది. బయట చమటలు కారుతుంటే ఇంజిన్‌కి చలేస్తుంది అన్నమాట. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ దగ్గు చెవిన పడితే వేరుగా ఉంటుంది. మిగతా రౌండ్లన్నీ హీట్ కాస్త ముందే లాగుతూ వచ్చా.

క్రాస్‌విండ్ లాండింగ్ గురించి ఎంత చెప్పినా తనివి తీరదు నాకు. ఫైనల్లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే ఆఖరి భాగంలో, ముక్కు గాలి వైపు పెట్టి పీతలా పక్కవాటుగా వస్తుంటాం, రన్‌వే దగ్గరకొచ్చాక కుడి రడ్డర్ తొక్కి ముక్కు సెంటర్‌లైన్‌కి తిప్పి, ఎడమ రెక్క కాస్త కిందకి వంచి పట్టుకోవాలి. అక్కడి నుంచి చూపు దగ్గర్లో కాకుండా రన్‌వే చివర్న ఉండాలి. నేల పైకొస్తున్నట్టు ఉంటుంది, దించెయ్యాలనిపిస్తుంది, దించకూడదు. పట్టుకో, పట్టుకో, ఇంకా పట్టుకో, చేతిలో యోక్ (స్టీరింగ్ లాంటిది) వెనక్కి వస్తూనే ఉంటుంది, పొద్దున నోటితో పీల్చిన ఆ హార్న్ అప్పుడు సన్నగా మొదలవుతుంది, ముందు ఎడమ చక్రం కీచుమంటుంది, ఒక్క క్షణం ఒంటి చక్రం మీదే పరుగు, తర్వాత కుడిది, ఆఖర్న ముక్కు చక్రం. ఇవాళ ఒకటి అచ్చం అలా పడింది. చూసేవాళ్ళు ఎవరూ లేరు, అదెప్పుడూ అంతే, మంచి లాండింగ్‌కి సాక్షులుండరు.

ఇంకోసారి షార్ట్ ఫైనల్లో, రన్‌వేకి బాగా దగ్గరగా ఉండగా ముందు దిగిన విమానం టాక్సీవే దగ్గర నిదానంగా తిరుగుతోంది, నేను వెళ్ళేసరికి తప్పుకునేదేమో కూడా, కానీ ఎదురుచూడలేదు, ఫుల్ థ్రాటిల్, కార్బ్ హీట్ లోపలికి, ఫ్లాప్స్ ఒక్కో మెట్టు ఎత్తుతూ గో అరౌండ్, అంటే దిగకుండా మళ్ళీ పైకి. ప్రాక్టీస్ లెక్కలో అది కూడా కలిసొచ్చింది.

దిగి విమానం కట్టేసి హ్యాంగర్ నీడలో బెంచి దగ్గరికెళ్ళా, అప్పటికే సభ నడుస్తోంది. వారం అంతా ఎవరు ఎక్కడెక్కడ తిరిగారో చెప్పుకునే చోటు అది. నేను గమనించిందేంటంటే అక్కడ ఎవరూ కొండలు బాగున్నాయి, నది బాగుంది అని చెప్పరు, ఎదురుగాలి ఎంత, పెట్రోల్ ఎంత తాగింది, ఎక్కడ వెనక్కి తిప్పాను, ఇవే.

సొంతంగా కిట్ విమానం కట్టుకున్న ఆయన ఇవాళ కూడా రివెట్ల గురించే మాట్లాడాడు. ఏళ్ళ తరబడి కట్టాడు, ఎగరడం మొదలెట్టి కొద్ది నెలలే అయింది, ఆయన ఫ్లైట్ గురించి అడిగినా సిలిండర్ హెడ్ టెంపరేచర్ల పట్టిక చెప్తాడు. సరే.

మేడమ్ ఒకావిడ మాత్రం మొన్నటి ఫ్లైట్ చెప్పింది, అది విన్నాక ఇంక వేరేది వినబుద్ధి కాలేదు. రెండు గంటల దారి, సగానికి పైగా వెళ్ళింది, ఫోర్‌కాస్ట్ బాగానే ఉంది, కానీ ముందు హేజ్ (దూరం కనపడనివ్వని మసక) చిక్కబడుతోంది, మేఘాలు కిందకి దిగుతున్నాయి, వాటికింద ఉండాలని తనూ దిగుతోంది. "మూడువేల ఐదొందల అడుగుల్లో ఉన్నదాన్ని రెండువేలకి ఎప్పుడొచ్చానో చూసుకున్నా, ఇంక చాల్లే అని తిప్పేశా" అంది. అటువైపు స్నేహితులు ఎదురుచూస్తున్నారట, ఫోన్ చేసి రావట్లేదని చెప్తే నిరుత్సాహపడ్డారట. ఇంతే కథ. కానీ బెంచి మీద అందరూ ఒక్కసారి సర్దుకుని కూర్చున్నారు, ఎందుకంటే అందరికీ తెలుసు. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళు ఒక ప్రయోగం చేశారు, ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్ (బయటికి చూడకుండా మీటర్లు చూసే ఎగరడం) రాని 20 మందిని మేఘంలోకి వెళ్ళినట్టు బయటేమీ కనపడకుండా చేసి ఎగరమంటే ఇరవైకి ఇరవై మందీ కంట్రోల్ పోగొట్టుకున్నారు, సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు. అసలు ఆ ప్రయోగం చేసింది భయపెట్టడానికి కాదు, వెనక్కి తిరిగే 180 డిగ్రీల టర్న్ ఒక్కటి సరిగ్గా నేర్పిస్తే బయటపడగలరా అని చూడ్డానికి, నేర్పించాక దాదాపు ప్రతిసారీ బయటపడ్డారు కూడా. మేడమ్ ఆ టర్న్ ఇంకా కళ్ళకి అంతా కనపడుతుండగానే తిప్పింది. నా దృష్టిలో ఈ వారం బెస్ట్ ఫ్లైట్ అదే.

తర్వాత బాబాయ్‌గారు నా వైపు తిరిగారు. "ఏరా, ఎక్కడిదాకా?"

"ఎక్కడికీ లేదు బాబాయ్, సర్క్యూట్లే."

"ఎక్కడికీ లేదంటావేంట్రా, నీ సెస్నా లాంటిదాంట్లోనే ఇద్దరు రెండు నెలలు ఎక్కడికీ వెళ్ళకుండా ఎగిరారు తెలుసా" అని మొదలెట్టారు. తెలుసు, అయినా ఆయన నోట వినాలి. 1958 డిసెంబర్ 4న లాస్ వేగాస్‌లో రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అని ఇద్దరు ఒక 172లో లేచి 1959 ఫిబ్రవరి 7న మళ్ళీ అక్కడే దిగారు. 64 రోజుల 22 గంటల 19 నిమిషాలు. ఎడారిలో తిన్నటి రోడ్డు మీద ట్రక్కు పరిగెడుతుంటే విమానం దాని నెత్తిమీదే అదే స్పీడులో పోతూ, తాడు కిందకి వదిలి పెట్రోల్ గొట్టం పైకి లాక్కునేవాళ్ళు, తిండీ అలాగే. ఒకడు పడుకుంటే ఒకడు నడపడం. "ఒకే ఇంజిన్‌రా, ఆపకుండా" అంటూ ఆయన చేత్తో ఆ గొట్టం లాగుతున్నట్టు చూపిస్తుంటే కిట్ ఆయన కూడా రివెట్లు మర్చిపోయాడు. నాకైతే ఇంజిన్ కంటే ఆ ఇద్దరూ చివరిదాకా ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకున్నారా అన్నదే డౌటు.

బాబాయ్‌గారి కబ్ ఫ్లైట్ అడిగితే "లేచా, తలుపు తెరుచుకుని తిరిగా, దిగా" అన్నారు. దానికి స్టార్టరే లేదు, ప్రొపెల్లర్ చేత్తో తిప్పాలి, ఒక్కడే ఎగిరితే వెనక సీట్లో కూర్చోవాలి, పెట్రోల్ మీటరంటే ట్యాంకు మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన ఒక తీగ, కింద బెండు ముక్క తేలుతుంటుంది, బెండు దిగితే తీగ దిగుతుంది. నా విమానంలో గేజులు చూసి ఆయన జాలిపడతారు, అవి అబద్ధాలాడతాయి, తీగ ఆడదు అంటారు. కాదనలేను, నేనూ ట్యాంకులో పుల్ల ముంచి చూస్తేగానీ లేవను.

ఇంటికొచ్చి లాగ్‌బుక్ రాసి, ఆదివారం కోసం వెయిట్ అండ్ బ్యాలెన్స్, అంటే విమానం మోసే బరువుల లెక్క, వేద్దామని కూర్చున్నా. నాలుగు సీట్లున్నాయని నలుగురు కూర్చోవచ్చనుకుంటారు అందరూ. మొత్తం బరువు 1043 కిలోలు దాటకూడదు, ఖాళీ విమానమే దగ్గర దగ్గర 680, ట్యాంకులు నింపితే 110 దాకా, మిగిలేది 250 చిల్లర. నేను, అక్క, బావ, మేనకోడలు, పిల్ల బ్యాగు. కాబట్టి ట్యాంకులు నింపను, గంట ఫ్లైట్‌కి ముప్పై లీటర్ల పైన కాస్త తాగుతుంది, సగం పోసినా రిజర్వ్ పోను బోలెడంత. పొద్దున్నే లేవాలి కూడా, ఎండెక్కితే నేల వేడికి కుదుపులు మొదలవుతాయి, పిల్లకి కడుపులో తిప్పితే మళ్ళీ జన్మలో ఎక్కదు. ఎండకి గాలి పల్చబడి విమానమూ బద్ధకిస్తుంది, మా ఫీల్డ్ ఎత్తు 1200 అడుగులే అయినా 32 డిగ్రీలుంటే ఇంజిన్‌కీ రెక్కలకీ 3500 అడుగుల మీద ఉన్నట్టే లెక్క.

అన్నీ వేశాక ఇద్దరి బరువులు మిగిలాయి. అక్కకి ఫోన్ చేశా.

"బరువెంత అక్కా?"

"ఎందుకురా?"

"విమానానికి కావాలి."

"అరవై రాసుకో."

"నిజం చెప్పు, ఇది పెళ్ళిచూపులు కాదు."

"అయితే అరవై రెండు."

డెబ్భై రాసుకున్నా. బావది అడిగేలోపే "మీ బావ ఎనభై ఏడు కేజీల నాలుగొందల గ్రాములు, నిన్ననే చూశా" అని అక్కే చెప్పేసింది.