పాత పేపర్లతో సీ ప్రోగ్రామింగ్ గట్టెక్కిన నా అనుభవం

నిన్న రిజల్ట్స్ వచ్చాయి. సీ భాష నేర్పే ఇంట్రడక్షన్ టు ప్రోగ్రామింగ్ మంచి గ్రేడుతో పాసయ్యాను. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటర్ దాకా నేను కంప్యూటర్ ముట్టుకున్నది లేదు. జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీలో ఫస్టియర్. నన్ను గట్టెక్కించినవి పాత పేపర్లు. ముంచబోయింది వాటి వెనక కుట్టి అమ్మే కీ, అంటే జవాబుల కట్ట.

పేపర్లు దొరకడం తేలికే. కొన్ని సీనియర్ అక్క ఇచ్చింది, మిగతావి జిరాక్స్ షాపులో కొన్నాను. రెగ్యులేషన్, అంటే మీ బ్యాచ్‌కి వర్తించే సిలబస్, పరీక్ష నియమాలు ఏవో మాత్రం చూసుకోండి. ఆర్20లో యూనిట్‌కో ప్రశ్న, ఒక్కోటి 14 మార్కులు. మా ఆర్23లో 2 మార్కులవి పది, 10 మార్కులవి ఐదు. రెండూ 70 మార్కుల పేపర్లే, కానీ టైమ్ పంచుకునే లెక్క వేరు.

ఇక కీ సంగతి. ఐ అనే వేరియబుల్ విలువ 5. ఒకే ప్రింట్‌ఎఫ్‌లో ముందు ఐ ప్లస్ ప్లస్ (ఉన్న విలువ ఇచ్చి తర్వాత ఒకటి పెంచేది), తర్వాత ప్లస్ ప్లస్ ఐ (ముందే ఒకటి పెంచి ఇచ్చేది). అవుట్‌పుట్ ఎంత? కీలో 6 6 అని ఉంది. ల్యాబ్‌లో జీసీసీ అనే కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది) 6 7 ఇచ్చింది. ఫోన్లో వేస్తే 5 7. క్లాసులో లేచి అడిగాను. "నిన్నగాక మొన్న వచ్చి కీకే తప్పులు పడుతున్నావా అమ్మా? ఉన్నది రాసెయ్, కూర్చో" అన్నారు సార్. క్లాసంతా నవ్వింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వదల్లేదు. వార్నింగ్‌లన్నీ చూపించే వాల్ ఆప్షన్ పెట్టి మళ్ళీ కంపైల్ చేశాను. ఐ మీద చేసే ఆపరేషన్ అన్‌డిఫైన్డ్ (ఫలితం ఇదీ అని భాష చెప్పనిది) కావచ్చని జీసీసీయే చెప్పింది. ప్రింట్‌ఎఫ్ లాంటి ఫంక్షన్‌కి ఇచ్చే విలువల్లో, అంటే ఆర్గ్యుమెంట్లలో, ఏది ముందు లెక్కకట్టాలో సీ భాష నిర్ణయించలేదు. వాటిలో ఒకే వేరియబుల్‌ని రెండుసార్లు మార్చితే ఏ కంపైలర్ ఏమిచ్చినా తప్పనలేం. అంటే ఆ ప్రశ్నకి సరైన అంకె అంటూ లేదు! మిడ్‌లో అదే ప్రశ్న వస్తే ఇదే రాశాను. సున్నా వేశారు. ఆ సున్నా ఇప్పటికీ మండుతోంది. నేను రాసిందే కరెక్ట్.

ఆ తర్వాత కీలో ఒక్క ముక్క నమ్మలేదు. పూర్ణాంకాలు దాచే ఇంట్‌కి 2 బైట్లు అని ఉంటుంది. అది 16 బిట్ల టర్బో సీ అనే పాత కంపైలర్ నాటి మాట, మా ల్యాబ్‌లో సైజు చెప్పే సైజాఫ్ వేస్తే 4 వస్తుంది. స్ట్రింగ్ చదవడానికి గెట్స్ వాడమంటుంది. దాన్ని సీ భాష 2011 స్టాండర్డ్‌లోనే తీసేశారు, ఎఫ్‌గెట్స్ వాడండి. తప్పులు అమ్ముకుని పిల్లల మార్కులతో ఆడుకోవడం పాపం కాదా?

చదివే పద్ధతి అంటారా, ప్రోగ్రామ్ ముందు కాగితం మీద రాయండి, పరీక్షలో రాసేది పెన్నుతోనే. ప్రతి లూప్‌కీ వేరియబుల్స్ గడులు గీసి డ్రై రన్ చేయండి, అంటే విలువలు ఎలా మారుతున్నాయో చేత్తో లెక్కకట్టండి. రావులపాలెం బస్సులో నేను చేసింది అదే, కొత్తపేట వచ్చేసరికి ఒక మాట్రిక్స్ మల్టిప్లికేషన్ తేలేది. ఆ తర్వాతే కంప్యూటర్ మీద సరిచూసుకోండి. పాయింటర్లతో స్వాప్, స్ట్రక్చర్‌కీ యూనియన్‌కీ తేడా, రికర్షన్‌తో ఫాక్టోరియల్ నా దగ్గరున్న పేపర్లలో తిరిగి తిరిగి వచ్చాయి. ఫైల్స్ చివరి యూనిట్ కదా అని వదలకండి.

వచ్చే సెమిస్టర్ డేటా స్ట్రక్చర్స్. పాత పేపర్లు అక్కని అడిగి తెచ్చుకున్నాను, కీ లేకుండా.