ఒకే తప్పు, రెండు తీర్పులు

నిన్న రాత్రి తమ్ముడితో ఫోన్‌లో ఫార్ములా వన్ కారు రేసుల కబుర్లు మాట్లాడుతుంటే 2007 గొడవ మళ్లీ గుర్తొచ్చింది. చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఫెరారీ కారు రహస్యాలు, దాదాపు 780 పేజీలు, పోటీ టీమ్ మెక్‌లారెన్ చీఫ్ డిజైనర్ చేతికి చేరాయి. ఆయన భార్య ఆ కట్టని జిరాక్స్ షాపుకి తీసుకెళ్లింది. కాగితాల మీద ఫెరారీ పేరు చూసి షాపులో వాళ్లు ఇటలీకి కబురు పెట్టారు. ఆ మామూలు షాపు వాళ్లంటే నాకెంత గౌరవమో!

మెక్‌లారెన్‌కి 10 కోట్ల డాలర్ల జరిమానా, ఆ ఏడాది టీమ్ పాయింట్లన్నీ పోయాయి. తప్పు చేశారు, శిక్ష పడింది. సరే. కానీ అదే ఏడాది డిసెంబర్‌లో, మెక్‌లారెన్ నుంచి రెనాల్ట్ టీమ్‌కి వెళ్లిన ఇంజనీర్ ఫ్లాపీల్లో పట్టుకెళ్లిన సమాచారం రెనాల్ట్ కంప్యూటర్లలో ఉందని తేలింది. నిబంధన మీరారని ఈ రేసుల నియంత్రణ సంస్థ ఎఫ్‌ఐఏ ఒప్పుకుంది, శిక్ష మాత్రం వేయలేదు. 2020లో ఫెరారీ ఇంజిన్ నిబంధనలకు తగ్గట్టు ఉందా అన్న విచారణైతే రహస్య ఒప్పందంతోనే ముగించేశారు. మిగతా టీమ్‌లు అడిగినా వివరాలు చెప్పలేదు.

"నువ్వు మెక్‌లారెన్ అభిమానివి కాబట్టి అలాగే అంటావు అన్నయ్యా" అన్నాడు వాడు. కాదురా. ఆ జరిమానా తగ్గించమని నేనెప్పుడూ అనలేదు. రెనాల్ట్‌నీ అదే తక్కెడలో ఎందుకు తూచలేదన్నదే నా బాధ.