మంచంతో సహా ఎగ్జిబిషన్‌కి వచ్చిన ఫ్రీదా

రెండ్రోజుల్నుంచి మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో గురించే ఆలోచిస్తున్నా. 1953 ఏప్రిల్‌లో మెక్సికో సిటీలో ఆవిడ సోలో ఎగ్జిబిషన్, సొంత దేశంలో అదే మొదటిది, డాక్టర్లేమో మంచం దిగొద్దన్నారు, దాంతో మంచాన్నే గ్యాలరీకి పంపించేసి, తను అంబులెన్స్‌లో వచ్చి దాని మీదే పడుకుని అందర్నీ పలకరించింది. ఎంత ధైర్యం అసలు! అదే ఏడాది ఆగస్టులో కుడికాలు మోకాలి కింద తీసేశారు.

1925లో బస్సు యాక్సిడెంట్‌లో నడుము విరిగింది, అప్పటికి 18 ఏళ్ళే. 1944లో వేసిన ‘విరిగిన స్తంభం’ చూడండి, ఒళ్ళు నిలువునా చీలి ఉంటుంది, వెన్నెముక ఉండాల్సిన చోట పగుళ్ళిచ్చిన రాతి స్తంభం, ఒంటినిండా మేకులు, తెల్ల పట్టీల బెల్టు, బుగ్గల మీద కన్నీళ్ళు, అయినా చూపు మాత్రం తిన్నగా మనవైపే. మా అమ్మకి నడుము ఆపరేషన్ అయ్యాక బెల్టు రోజూ నేనే బిగించేదాన్ని, పట్టీల కింద పడే ఎర్రటి గీతలు నాకు బాగా గుర్తు, అందుకే ఆ బొమ్మ చూస్తే గొంతు పూడుకుపోతుంది.

‘ఇద్దరు ఫ్రీదాలు’ ఇంకా ఇష్టం. 1939లో, భర్త డియెగోతో విడాకులైన ఏడాది వేసింది. ఒకరు తెల్ల యూరప్ గౌనులో, ఇంకొకరు మెక్సికో తెహువానా బట్టల్లో, రెండు గుండెలకీ ఒకటే రక్తనాళం, చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చున్నారు.