వెలిసిపోయిన సిరా

నిన్న వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్లాం. హాలంతా మసక వెలుతురు, ఫోటోలు తీయనివ్వరు. అద్దం కింద 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన. సిరా బాగా వెలిసిపోయింది, ఎంత వంగి చూసినా ఒక్క వాక్యం కూడా సాఫీగా చదవలేకపోయాను. అయినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

రాజుకి అధికారం దేవుడిచ్చింది కాదు, జనం ఒప్పుకుంటేనే చెల్లుతుంది అని ఇంగ్లండ్‌లో తత్వవేత్త జాన్ లాక్ పుస్తకం వేసింది 1689లో. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి మనిషికి పుట్టుకతోనే వచ్చే హక్కులన్నాడు. ఈ ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ ఆ మూడింట్లో ఆస్తికి బదులు 'ఆనందాన్వేషణ' అని రాశాడు. ఒక్క మాట మార్పు, ఎంత బాగుందో! పక్కనే 1787 రాజ్యాంగం. అధికారం ఒకరి చేతిలోనే ఉండకూడదన్న ఫ్రెంచి తత్వవేత్త మాంటెస్క్యూ ఆలోచన అందులో ఉంది.

"మరి బానిసలకి హక్కుల్లేవా నాన్నా?" అంది మా అమ్మాయి.

గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. జెఫర్సన్ కిందే జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలుండేవారు. అదే చెప్పాను, దాచలేదు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852లో ఈ ప్రకటన మాటలతోనే అమెరికాని నిలదీశాడని కూడా చెప్పాను. మెట్రోలో ఇంటికొచ్చేదాకా ఆయన గురించే అడుగుతూ కూర్చుంది.