7 వరల్డ్ కప్‌లు, చేతిలో ఒక్కటీ లేదు

మన మహిళల ఫుట్‌బాల్ జట్టు ప్లేయర్ మనీషా కల్యాణ్ గోల్ కొట్టగానే గట్టిగా అరిచేశాను. అది 2021 నాటి మ్యాచ్, బ్రెజిల్ చేతిలో మనం 6-1తో ఓడిపోయామని ముందే తెలుసు. అయినా ఆ ఒక్క గోల్ చూస్తే ఆగలేం కదా!

నిజానికి ఇవాళ ఆ వీడియో పెట్టుకున్నది బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్ ఫోర్మిగా కోసం. అక్కడి మనౌస్ నగరంలో జరిగిన ఆ మ్యాచే బ్రెజిల్ జెర్సీలో ఆమెకి ఆఖరిది. అప్పటికి వయసు 43.

ఆమె పుట్టింది 1978లో. అప్పుడు బ్రెజిల్‌లో ఆడవాళ్లు ఫుట్‌బాల్ ఆడటం మీద నిషేధం ఉంది. 1941లో పెట్టారు, 1979లో గానీ తీసేయలేదు. పుట్టేనాటికి కూడదన్న ఆటే ఆమెకి బతుకుతెరువు అయింది. 1995 నుంచి 2019 దాకా 7 వరల్డ్ కప్‌లు. ఒలింపిక్స్ కూడా 7. మగవాళ్లలో కూడా అన్ని వరల్డ్ కప్‌లు ఆడినవాళ్లు లేరు.

2016లో ఇక చాలంది. మళ్లీ పిలిస్తే వచ్చేసింది, 41 ఏళ్లకి ఫ్రాన్స్‌లో వరల్డ్ కప్ ఆడింది. గోల్‌కీపరైతే సరేలే అనుకోవచ్చు, మిడ్‌ఫీల్డ్‌లో ఆ వయసులో పరుగంటే మాటలా!

పతకాలంటారా, 2004, 2008 ఒలింపిక్స్‌లో వెండి. 2007 వరల్డ్ కప్ ఫైనల్లో ఓటమి. అదే జట్టులో గోల్స్ కొట్టే స్టార్ మార్తా పేరు తెలిసినంతగా ఈమె పేరు తెలీకపోవడానికి అది కారణం కాదనుకుంటా. గోల్ కొట్టినవాళ్లే కనిపిస్తారు, బంతి లాక్కొచ్చి ఇచ్చినవాళ్లు కనిపించరు. నాకైతే ఒళ్లు మండుతుంది.

ఫ్రాన్స్ క్లబ్ పారిస్ సెయింట్ జర్మైన్‌లో ఫోర్మిగా ఆడిన మ్యాచ్‌లు ఫుల్‌గా ఎవరి దగ్గరైనా ఉంటే లింక్ పెట్టండి ప్లీజ్.